పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే...

2021 లో ఓ శనివారం పొద్దున్న మా పండు కుర్చీకి గుద్దుకుంది. పండు అంటే మా పిల్లి. పిల్లి కుర్చీకి గుద్దుకోవటం కూడా ఒక వార్తేనా అంటారేమో, పిల్లిని పెంచినవాళ్ళని అడగండి అదెంత విడ్డూరమో. కరెంటు పోయిన రాత్రి అటక మీద గాజు సీసాల మధ్యనుంచి ఒక్కటీ కదలకుండా నడిచెళ్ళే జీవి అది. అప్పటికి ఏడాదిగా ఇంట్లోంచే ఆఫీసు. డైనింగ్ టేబుల్ కుర్చీలో కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే, చక్రాల కుర్చీ ఒకటి కొని, టేబుల్ని కిటికీ పక్కకి జరిపాను. పండు మామూలుగా సోఫా దిగి, మామూలుగా హాల్లో నడిచి, నేరుగా వెళ్ళి కుర్చీ కాలికి ముక్కు కొట్టుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి టేబుల్‌కి.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక జంతువుల డాక్టరుగారికి చూపించాం. ఆయన లైట్ వేసి కళ్ళల్లోకి చాలాసేపు చూసి, "దీనికి చూపు ఇవ్వాళ పోలేదండీ, పోయి నెలలై ఉంటుంది. ఇల్లంతా దానికి కంఠతా వచ్చు కాబట్టి మీకు తెలీలేదు" అన్నారు. కోడ్ కాస్త అటూఇటూ జరిపితే గానీ పాత బగ్ బయటపడనట్టు, టేబుల్ జరిపితే గానీ మాకు తెలీలేదన్నమాట. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఏం పెడుతున్నారు?"

మా అమ్మ కాస్త గర్వంగానే చెప్పింది. "పాలు, పెరుగన్నం అండీ. అప్పుడప్పుడూ నెయ్యేసి పప్పన్నం. ఒక్క పూట కూడా మానలేదు."

మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. 2018 సెప్టెంబర్లో ఎల్బీనగర్‌కి మెట్రో వచ్చిన కొత్తల్లో, చైతన్యపురిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, ఎవరిదో స్కూటర్ సీటు కింద దొరికింది పండు. అప్పట్నుంచీ అమ్మ చేతి అన్నమే తింది. లాక్‌డౌన్‌లో షాపులో పిల్లి తిండి దొరక్క నేను కుక్కల తిండి ప్యాకెట్ ఒకటి పెద్దది తెచ్చాను. "కుక్క తిన్నది పిల్లి తినదా ఏంటి" అనుకున్నాం ఇద్దరమూ. అది నాలుగు నెలలు వచ్చింది. తర్వాత మళ్ళీ పెరుగన్నమే.

ఆ రోజు ఇంటికొచ్చాక నేను చదవటం మొదలెట్టాను. మనకి తెలిసిన వైద్యం అదొక్కటే కదా, సెర్చ్ చెయ్యటం. చదివేకొద్దీ అర్థమైంది ఏంటంటే, మేం చేసింది కొత్త తప్పేమీ కాదు. తరతరాలుగా తెలుగిళ్ళల్లో చేస్తున్నదే చేశాం. మరి అప్పటి పిల్లులకి కళ్ళెందుకు పోలేదు? ఇదంతా రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియని తెలుగువాడు ఉండడు. నగరంలో ఎలుకలు పెరిగిపోతే రాయలవారు ఇంటికో పిల్లినిచ్చి, దానికి పాల కోసం ఒక ఆవుని కూడా ఇచ్చారట. రామకృష్ణుడు మొదటిరోజే మరిగే పాలు పోసి పిల్లి మూతి కాల్చాడు. అది మళ్ళీ పాల జోలికి పోలేదు, ఆవు పాలన్నీ ఆయన తాగాడు. చిన్నప్పుడు ఆయన తెలివికి నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ కథని ఇంకో వైపునుంచి చూస్తే తమాషాగా ఉంటుంది. ఎలుకలు పట్టటానికి తెచ్చిన పిల్లికి పాలెందుకు? కడుపునిండా పాలు తాగిన పిల్లి ఎలుకని ఎందుకు పడుతుంది? అసలు పని చేసే పిల్లి ఊరు మొత్తంలో ఒక్క రామకృష్ణుడి దగ్గరే ఉండుంటుంది, పాలు లేవు కాబట్టి! కథ కథే అనుకోండి, చరిత్ర కాదు. కానీ పిల్లి అనగానే పాలు అనే లెక్క మనకి ఎంత సహజంగా వచ్చేసిందో చెప్పటానికి అంతకంటే మంచి కథ లేదు.

సామెతలూ అంతే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా. ఉట్టి అన్న వస్తువే పిల్లికి పాలు అందకుండా కట్టినది. కాస్త ఆగి ఆలోచిస్తే, ఈ సామెతల్లో ఎక్కడా పిల్లికి మనం పాలు పోస్తున్నట్టు లేదు. అది దొంగతనంగా తాగుతోంది, మనం పైకి కట్టి దాచుకుంటున్నాం.

మా అమ్మమ్మగారిది మిర్యాలగూడ పక్కన పల్లె. ఆ ప్రాంతం రైస్ మిల్లులకి పేరు. పెంకుటిల్లు, వెనక గాదె, పక్కన గడ్డివాము. ఇంట్లో ఎప్పుడూ రెండుమూడు పిల్లులు తిరిగేవి. వాటికి పేర్లుండేవి కావు, ఎవరూ ఎత్తుకుని ముద్దుచేసేవాళ్ళు కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ ఒక చిప్పలో ఇంత మజ్జిగన్నం వేసి వసారా చివర పెట్టేది. పిల్లికి తిండి పెట్టటమంటే అదే అని నేనూ, మా అమ్మా, అందరం అనుకున్నాం. కానీ ఆ పిల్లి రాత్రంతా ఎక్కడుండేది? గాదె కింద. వడ్లున్న చోట ఎలుకలు, ఎలుకలున్న చోట పిల్లి. అమ్మమ్మ పెట్టిన చిప్పెడన్నం జీతం కాదు, టీ డబ్బులు. ఇల్లు వదిలి పోకుండా ఉండటానికి ఇచ్చే బత్తెం. అసలు భోజనం అది సొంతంగా సంపాదించుకునేది.

లెక్కలు కూడా చూద్దాం, లెక్క లేకపోతే మనకి తోచదు కదా. ఒక చిట్టెలుకలో సుమారు 30 కేలరీలు ఉంటాయి. నాలుగు కిలోల పిల్లికి రోజుకి 200 పైచిలుకు కావాలి. అంటే రోజుకి ఏడెనిమిది చిట్టెలుకలు, లేదా వాటికి సరిపడా పెద్ద ఎలుకలు, తొండలు, పిట్టలు, మిడతలు. ఊళ్ళల్లోనూ అడవుల్లోనూ తిరిగే పిల్లులు ఏం తింటాయో రకరకాల దేశాల పరిశీలనలన్నీ కలిపి 2011 లో ఒక లెక్క తేల్చారు. వాటికొచ్చే శక్తిలో సుమారు 52 శాతం ప్రొటీన్ నుంచి, 46 శాతం కొవ్వు నుంచి, పిండిపదార్థం నుంచి వచ్చేది కేవలం 2 శాతం. మా పండు పళ్ళెంలో ఈ లెక్క తిరగబడింది. పెరుగన్నంలో మూడింట రెండొంతుల శక్తి పిండిపదార్థమే.

పిల్లులు మనుషుల దగ్గరికి వచ్చిందే ధాన్యం కోసం, అంటే ధాన్యం తినే ఎలుకల కోసం. సైప్రస్ దీవిలో సుమారు 9500 ఏళ్ళనాటి సమాధి ఒకటి తవ్వితే, మనిషి అస్థిపంజరం పక్కనే ఒక పిల్లిని పూడ్చిపెట్టి ఉంది. 2004 లో ఆ వివరాలు ప్రచురించారు. 2007 లో జన్యువులు పోల్చి చూసి, ఇవాళ ప్రపంచంలో ఉన్న ఇంటిపిల్లులన్నీ పశ్చిమాసియా అడవిపిల్లి సంతతే అని తేల్చారు. కుక్కని మనిషి వేల ఏళ్ళు తన ఎంగిలి పెట్టి మార్చుకున్నాడు, కుక్క జన్యువుల్లో పిండి అరిగించుకునే శక్తి పెరిగింది. పిల్లి అలా మారలేదు. దాని పని ఎలుకని తినటమే కదా, మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. 2005 లో ఫిలడెల్ఫియాలో శాస్త్రవేత్తలు ఇంకో చిత్రం కనిపెట్టారు. తీపిని గుర్తించే జన్యువుల్లో ఒకటి పిల్లుల్లో పాడైపోయి ఉంది. అంటే పిల్లికి తీపి తెలీదు. ఐస్‌క్రీం నాకుతుంది కదా అంటారా, అది అందులో కొవ్వు కోసం.

ఈ విషయం మన పూర్వులకి బాగానే తెలుసు. మహాభారతం ఉద్యోగపర్వంలో గంగ ఒడ్డున తపస్సు చేస్తున్నట్టు నటించి ఎలుకల్ని తినేసిన పిల్లి కథ ఉంది. హితోపదేశంలో దీర్ఘకర్ణుడనే పిల్లి నేను మాంసం మానేశాను, చాంద్రాయణ వ్రతం చేస్తున్నాను అని ముసలి గద్దని నమ్మించి పక్షిపిల్లల్ని తినేస్తుంది. మహాబలిపురంలో 7వ శతాబ్దపు పెద్ద కొండచెక్కడంలో, ముందుకాళ్ళు పైకెత్తి ఒంటరిగా తపస్సు చేస్తున్న పిల్లి, దాని చుట్టూ అమాయకంగా ఎలుకలు. ఈసారి వెళ్ళినప్పుడు ఏనుగుల దగ్గర ఫోటో దిగాక కాస్త కిందకి చూడండి. శాకాహారి పిల్లి అంటే మన సాహిత్యంలో దొంగ సన్యాసికి ఇంకో పేరు. కథలకి తెలిసిన సంగతి వంటిళ్ళు మర్చిపోయాయి, అంతే.

పిల్లికి ఎలుకతో ఉన్న ఉద్యోగాన్ని మన పక్కనే ఒకాయన చాలా సీరియస్‌గా తీసుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దేశమంతా ప్లేగు. బేరార్ అంటే అమరావతి (మన అమరావతి కాదు, విదర్భలోది) వైపు ప్రాంతం. అది నిజాందే, 1853 లో బ్రిటిష్ వాళ్ళ నిర్వహణలోకి వెళ్ళి 1902 లో శాశ్వత లీజుకి పోయింది. అక్కడ సివిల్ సర్జన్‌గా ఉన్న బుకానన్ అనే ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారి, పిల్లులు ఎక్కువున్న ఊళ్ళల్లో ప్లేగు తక్కువుందని గమనించి, ఇంటింటా పిల్లిని పెంచమని వాదించాడు. 1908 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఆయన వ్యాసం వచ్చింది. రాయలవారి పథకమే, ఆవు లేకుండా. తర్వాత మూడేళ్ళకి, మూసీ వరదలు మర్చిపోకముందే, 1911 లో హైదరాబాదుని కూడా ప్లేగు ఊపేసింది. (ఫీవర్ హాస్పిటల్‌ని పెద్దవాళ్ళు కోరంటి అనేది క్వారంటైన్ నుంచి వచ్చిందే.) బుకానన్ లెక్కలో ఒక లోపం ఉందని తర్వాత తెలిసింది. ప్లేగు పిల్లికి కూడా వస్తుంది, పిల్లినుంచి మనిషికీ వస్తుంది. కానీ ఆయన ఒక్క విషయం సరిగ్గా చూశాడు. పిల్లి ఇంటి మనిషి కాదు, ఇంటి ఉద్యోగి.

ఆ ఉద్యోగం పోయింది ఎక్కడంటే మా ఏరియాలో.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న జనాభాలో ఎంతమంది నల్లగొండ వైపునుంచో, ఖమ్మం వైపునుంచో, విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చినవాళ్ళో ఒక్కసారి చూడండి. సాగర్ రోడ్డూ, విజయవాడ హైవే రెండూ ఎల్బీనగర్‌లోనే కలుస్తాయి. బస్సు ఎక్కడ దింపితే అక్కడే ఇల్లు చూసుకున్నారు మనవాళ్ళు. మొదట కోచింగ్‌కొచ్చిన పిల్లల హాస్టళ్ళు, తర్వాత వాళ్ళ ఉద్యోగాలు, తర్వాత అమ్మానాన్నలు. 2007 లో ఎల్బీనగర్ మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలిసేనాటికే ఇండిపెండెంట్ ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టటం జోరందుకుంది. గాదె లేదు, అటక లేదు, గడ్డివాము లేదు. బియ్యం పాతిక కిలోల బస్తాలో వస్తుంది, స్టీలు డబ్బాలోకి పోతుంది. ఎలుకలు లేవని కాదు. ఇదివరకటి కొత్తపేట పళ్ళ మార్కెట్ దగ్గర చూడాలి, పిల్లులు భయపడేంత ఉండేవి. కానీ మూడో అంతస్తులో, పావురాలు రాకుండా వల కట్టిన బాల్కనీ వెనక, పిల్లికి దొరికేది ఏడాదికి రెండు బల్లులు.

అమ్మమ్మ చిప్ప మాత్రం మాతో పాటు వచ్చింది. బత్తెం వచ్చింది, భోజనం ఊళ్ళో ఉండిపోయింది. పాత పిల్లులకి కళ్ళెందుకు పోలేదన్న ప్రశ్నకి జవాబు ఇదే.

మరి భోజనంలో ఉన్నదేంటి, బత్తెంలో లేనిదేంటి? దాని పేరు టారిన్. 1827 లో ఇద్దరు జర్మన్లు ఎద్దు పిత్తరసం నుంచి తీశారు కాబట్టి లాటిన్‌లో ఎద్దు పేరు పెట్టారు. రిలీజ్ రాత్రుళ్ళు మనం తాగే రెడ్‌బుల్ డబ్బా మీద రాసి ఉంటుంది చూడండి, అదే. (దయచేసి ఆ డబ్బా పిల్లికి పొయ్యకండి, కెఫీన్ దానికి విషం.) మనిషీ, కుక్కా సాధారణంగా దీన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటారు. పిల్లికి ఆ తయారీ చాలా తక్కువ, పైగా పిత్తరసం కోసం రోజూ ఖర్చవుతూ ఉంటుంది. మాంసంలో దండిగా ఉండేదాన్ని ఇంట్లో తయారుచేసుకోవటం ఎందుకని ప్రకృతి ఆ డిపార్ట్‌మెంట్ మూసేసింది. బియ్యంలో అది లేదు, పప్పులో లేదు, ఆవు పాలల్లో ఉన్నా లేనట్టే.

1975 దాకా ఇది ఎవరికీ తెలీదు. ఆ ఏడాది హేస్, క్యారీ, ష్మిట్ అనే ముగ్గురు సైన్స్ పత్రికలో ఒక చిన్న పేపర్ వేశారు. ప్రయోగశాల పిల్లులకి ప్రొటీన్ కోసం కేసీన్ పెట్టారు, మిగతా పోషకాలన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి. పిల్లులకి రెటీనా పాడైపోయింది. రక్తంలో టారిన్ పడిపోయింది. కేసీన్ అంటే ఏంటో తెలుసుగా? పాలల్లో ఉండే ప్రొటీన్. పెరుగు తోడుకునేది దానితోనే.

ఈ పేరా చదివినప్పుడు నేను ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. కళ్ళు మూసుకుని పాలు తాగటం అనే మాటని మనం ఎన్నిసార్లు వాడి ఉంటాం!

1978 లో ఇంకో పేపర్ వచ్చింది. కుక్కల తిండి పెట్టిన పిల్లులకి కళ్ళు పోతున్నాయని. నా లాక్‌డౌన్ ప్యాకెట్ సంగతి నేను పుట్టకముందే ఎవరో రాసిపెట్టారన్నమాట.

అసలు కథ ఆ తర్వాతది, మన వృత్తివాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది. 1980ల్లో అమెరికాలో పిల్లులు గుండెజబ్బుతో చచ్చిపోయేవి. గుండె కండరం పలచబడి, సంచిలా సాగిపోయి, రక్తం కొట్టలేక. కారణం తెలీదు, మందు లేదు. ఇవి పెరుగన్నం పిల్లులు కాదు, పేరున్న కంపెనీల డబ్బా తిండి తినే పిల్లులు. ఆ డబ్బాలు అప్పటి ప్రమాణాల ప్రకారం అన్నీ పాసైనవి. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయంలో పాల్ పయన్ అనే కుర్ర డాక్టరు, గుండెజబ్బుతో వచ్చిన ఒక పిల్లికి కంట్లో కూడా ఆ పాత రెటీనా మచ్చలు ఉండటం చూశాడు. రెండు వేరువేరు విభాగాల జబ్బులు, ఒకే పిల్లిలో. రక్తంలో టారిన్ చూస్తే అడుగంటింది. టారిన్ ఇస్తే గుండె మళ్ళీ మామూలైంది. మందే లేదనుకున్న జబ్బు! 1987 లో కిటిల్‌సన్, రోజర్స్, మోరిస్‌లతో కలిసి సైన్స్‌లో ప్రచురించాడు.

మరి డబ్బాలో టారిన్ ఉన్నట్టే కదా లెక్క? ఉంది. కానీ డబ్బాలో పెట్టి ఉడికించిన తిండి కడుపులోకి వెళ్ళాక, అక్కడి సూక్ష్మజీవులు ఎక్కువ టారిన్‌ని తినేస్తున్నాయి. పిల్లికి అందేది తక్కువ. టెస్ట్ కేసులన్నీ పాస్, ప్రొడక్షన్‌లో పిల్లి చచ్చిపోతోంది. స్పెక్ తప్పు. దాంతో ప్రమాణం మార్చారు. అమెరికా లెక్కల్లో ఇప్పుడు నీరు తీసేసి చూస్తే పొడి తిండిలో కనీసం 0.1 శాతం, డబ్బా తిండిలో దానికి రెట్టింపు, 0.2 శాతం టారిన్ ఉండాలి. కంపెనీలు కలపటం మొదలెట్టాక ఆ గుండెజబ్బు పిల్లుల్లో అరుదైపోయింది. ఒక్క మనిషి రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడటం వల్ల.

ప్రమాణాలు పాసైపోవటం గురించే ఇంకో మాట. 2007 మార్చిలో ఉత్తర అమెరికాలో మెనూ ఫుడ్స్ అనే సంస్థ 6 కోట్ల పైచిలుకు డబ్బాలూ, పౌచ్‌లూ వెనక్కి తీసుకుంది. పిల్లులూ కుక్కలూ కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. చైనా నుంచి వచ్చిన గోధుమ ప్రొటీన్‌లో మెలమిన్ కలిపారు. ఎందుకంటే ప్రొటీన్ ఎంతుందో కొలిచే మామూలు పద్ధతి నిజానికి ప్రొటీన్‌ని కొలవదు, నైట్రోజన్‌ని కొలుస్తుంది. మెలమిన్ నిండా నైట్రోజనే. అప్రైజల్ కోసం లైన్స్ ఆఫ్ కోడ్ లెక్కపెడితే ఏమవుతుందో మనకి తెలుసు కదా. మరుసటి ఏడాది, 2008 లో, అదే మెలమిన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో తేలింది. అంతకుముందే పిల్లులు చెప్పిన సంగతి అది.

ఇక మనిళ్ళకొస్తే. మాంసం తినే ఇళ్ళల్లో సమస్య లేదనుకుంటారు చాలామంది. మా కింద ఫ్లాట్‌లో వాళ్ళు రోజూ చికెన్ షాపునుంచి బోన్‌లెస్ తెచ్చి ఉడకబెట్టి పెడతారు, పిల్లి మహారాజులా ఉంటుందని చెప్తారు. ఎలుకని తినే పిల్లి ఎముకలతో సహా తింటుంది. ఒట్టి కండలో ఫాస్ఫరస్ చాలా, కాల్షియం దాదాపు సున్నా. పెరిగే పిల్లికూనకి నెలల తరబడి అదే పెడితే ఎముకలు మెత్తబడి విరుగుతాయి. ఉడికించిన నీళ్ళు పారబోస్తే టారిన్ కూడా వాటితో పాటే సింకులోకి పోతుంది. బ్రెస్ట్ కంటే లెగ్ పీసులో, గుండెకాయలో టారిన్ ఎక్కువ. లివర్ కాస్త మంచిదే, రోజూ లివరే పెడితే విటమిన్ ఏ ఎక్కువై మెడ పట్టేస్తుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి వండిన కూర ముక్క కడిగి పెట్టినా వద్దు, రక్తకణాలు దెబ్బతింటాయి. క్యారెట్ కళ్ళకి మంచిదని అమ్మ పండుకి క్యారెట్ కూడా కోరి పెట్టింది పాపం. క్యారెట్‌లో ఉన్నదాన్ని విటమిన్ ఏ గా మార్చుకోవటం కూడా పిల్లికి రాదు.

అందుకే చివరికి చాలామందికి ప్యాకెట్టే దిక్కు. నాకు ప్యాకెట్ అంటే మొదట్నుంచీ అనుమానం. కానీ ఆ చరిత్ర చదివాక, ప్యాకెట్ అంటే ఎవరెవరో పిల్లులు చచ్చిపోగా దిద్దుకున్న తప్పుల పట్టిక అని కాస్త గౌరవం కలిగింది. విస్కాస్ తయారుచేసే మార్స్ కంపెనీ ఫ్యాక్టరీ మన సిద్దిపేట జిల్లాలోనే ఉంది. ఎక్కడో విదేశీ విలాసం అనుకుంటాం గానీ. ఏ కంపెనీదైనా నేను చూసేది రెండే. కంప్లీట్ అని రాసి ఉందా, అంటే అదొక్కటే పెట్టినా సరిపోతుందా అన్నది. పిల్లులు ఎగబడి నాకే క్రీమ్ ట్యూబుల మీద, కొన్ని గ్రేవీ పౌచ్‌ల మీద ఆ మాట ఉండదు, అవి మిర్చిబజ్జీల్లాంటివి. రెండోది, ప్రొటీన్ శాతం నీళ్ళు తీసేసి చూడాలి. పౌచ్ మీద 9 శాతం, పొడి ప్యాకెట్ మీద 32 శాతం ఉంటే పొడిదే గొప్పనిపిస్తుంది. పౌచ్‌లో 80 శాతం నీళ్ళు, మిగిలిన 20 లో 9 అంటే 45 శాతం. పొడిదాంట్లో 10 నీళ్ళు, మిగిలిన 90 లో 32 అంటే 35.6.

ఆ నీళ్ళు కూడా దండగ కాదు. ఎలుకలో దాదాపు మూడింట రెండొంతులు నీరే. ఎడారి పిల్లి సంతతి కాబట్టి దాహం తక్కువ, తిండిలోంచే నీళ్ళు తీసుకునే అలవాటు. మే నెల ఎండల్లో ఒట్టి పొడి తిండి మీద ఉన్న మగపిల్లికి మూత్రం అడ్డుపడటం మామూలు. ఇసుక డబ్బాలో కూర్చుని ముక్కుతూ ఏమీ రాకపోతే సోమవారం చూపిద్దాం అనుకోకండి, ఆ రోజే తీసుకెళ్ళాలి.

మా ఇంటి సంగతి. పండుకి గుండె కూడా సాగటం మొదలైందని స్కాన్‌లో తెలిసింది. డాక్టరుగారు టారిన్ రాసిచ్చారు, తిండి మార్పించారు. ఆరు నెలలకి గుండె చాలావరకు సర్దుకుంది. కళ్ళు రావు, అవి ఒకసారి పోతే పోయినట్టే.

అసలు యుద్ధం వంటింట్లో జరగాల్సింది, జరగలేదు. అమ్మ రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు, "శాకాహారం పిల్లి ఫుడ్ ఉండదుట్రా?" అంది. ప్యాకెట్లలో కలిపే టారిన్ ఎలాగూ ఫ్యాక్టరీలో తయారయ్యేదే, లెక్క ప్రకారం అలాంటిది చెయ్యొచ్చు, విదేశాల్లో అమ్ముతున్నారు కూడా. కానీ గుండె ఇలా ఉన్నప్పుడు ప్రయోగాలొద్దన్నారు డాక్టరుగారు. అదే చెప్పాను. "సరే అయితే" అంది. అంతే. ప్యాకెట్ మాత్రం వంటింట్లోకి రాకూడదు, చెప్పుల స్టాండ్ పై అరలో ఉండాలి. దానికో చెంచా, ఓ పళ్ళెం వేరు. నాకనిపిస్తుంది, గోధుమరంగు గింజల్లా ఉండబట్టే సరిపోయింది గానీ, చూడటానికి మాంసంలా ఉంటే మాలాంటి ఎన్ని ఇళ్ళల్లోకి ఆ ప్యాకెట్ వచ్చి ఉండేది? పౌచ్ విప్పే పని మాత్రం నాదే. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దూరంనుంచి చూస్తుంది, అది మొత్తం తిన్నదాకా.

పోయినసారి నాకు మీటింగ్ ఉండి, ప్యాకెట్ తేవటానికి తనే వెళ్ళింది. షాపతను ఏదో ఆఫర్ ఉన్న ప్యాకెట్ చేతిలో పెడితే, కళ్ళజోడు తీసి దగ్గరగా పెట్టుకుని వెనకాల చిన్నక్షరాలు వెతికిందట. "ఇందులో టారిన్ ఎంత బాబూ?" అని అడిగితే, అతను "ఇది చికెనమ్మా, కావాలంటే ట్యూనా ఉంది" అన్నాడట. వద్దని ఖాళీగా వచ్చేసింది.

టేబుల్ని మళ్ళీ పాత చోటికే జరిపేశాం. ఇంట్లో ఇప్పుడు ఏ కుర్చీనీ కదపం. చుట్టాలొచ్చి కదిపితే, వాళ్ళు లిఫ్ట్ ఎక్కేదాకా ఆగి, అమ్మ దాన్ని టైల్ గీత చూసుకుని సరిగ్గా ఉన్నచోటికే జరుపుతుంది.